ఫ్రిజ్ థర్మామీటర్ 1.2 చూపించింది, ఇన్సులిన్ గడ్డకట్టింది: డిజిటల్ థర్మామీటర్‌ని ఇంట్లోనే చెక్ చేసుకోవడం ఎలా?

గుంటూరులో మా ఇంటి ఫ్రిజ్‌కి ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ ఉంది. బయట డిస్‌ప్లే, లోపలికి సన్న వైరు, వైరు చివర ప్రోబ్. ఆన్‌లైన్‌లో నేనే ఆర్డర్ పెట్టా. మా అమ్మమ్మ రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. పవర్ కట్‌లు ఎక్కువయ్యే ఎండాకాలంలో ఇంట్లోవాళ్లకి ఒక ధైర్యంగా ఉంటుందని పెట్టించా.

వానలు మొదలయ్యాక ఒక రోజు అమ్మమ్మ ఫోన్ చేసింది. "చిన్నా, కొత్త సీసా తీశాను. అరచేతుల మధ్య ఎంత దొర్లించినా పాలలా కలవట్లేదురా, అడుగున గడ్డలు గడ్డలుగా ఉంది" అంది. అమ్మ ఆ సీసా పట్టుకుని మందుల షాపుకి వెళ్తే, "ఇది గడ్డకట్టి మళ్లీ కరిగినట్టుందమ్మా, వాడొద్దు" అన్నారు. డాక్టర్ గారు కూడా పారేయమనే చెప్పారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. థర్మామీటర్‌లో ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠం 1.2 డిగ్రీలు. అమ్మ డిస్‌ప్లే ఫొటో కూడా పంపింది. 2 కంటే తక్కువే, ఒప్పుకుంటా. కానీ సున్నా కంటే పైన ఉంటే సీసాలో మందు ఎలా గడ్డకడుతుంది?

రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లా. ఆ థర్మామీటర్‌ని హైదరాబాద్ తెచ్చి చెక్ చేశా. ఆ చెకింగ్‌లో నేను నేర్చుకున్నదే ఈ ఆర్టికల్. పెద్ద ఖర్చేమీ లేదు. కావాల్సినవి ఐస్, ఒక ఫ్లాస్క్, కాస్త ఓపిక.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ క్లియర్ చేసుకుందాం

స్పెక్ షీట్ చూసేటప్పుడు మనలో చాలామంది పొరపడేది ఇక్కడే. డిస్‌ప్లే 4.6 అని దశాంశంతో చూపిస్తే, 0.1 డిగ్రీ వరకు కరెక్ట్‌గా కొలుస్తోందని అనుకుంటాం. కాదు. 0.1 అనేది రిజల్యూషన్, అంటే అది చూపించగలిగే అతి చిన్న మెట్టు. ఆ అంకె నిజానికి ఎంత దగ్గరగా ఉందనేది అక్యురసీ. రెండూ వేరు వేరు.

డీఎస్18బీ20 అనే సెన్సర్‌ని చూడండి. ఆర్డ్యూనో, ఈఎస్‌పీ32 తో ఆడుకునే వాళ్లందరికీ తెలిసిన మూడు కాళ్ల చిప్. 12 బిట్ మోడ్‌లో దీని రిజల్యూషన్ 0.0625 డిగ్రీ. సీరియల్ మానిటర్‌లో నాలుగు దశాంశాలు వరసగా వస్తుంటే ల్యాబ్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. కానీ డేటాషీట్ హామీ ఇచ్చే అక్యురసీ, మైనస్ 10 నుంచి 85 డిగ్రీల వరకు, ప్లస్ ఆర్ మైనస్ 0.5 డిగ్రీ మాత్రమే. నాలుగు దశాంశాలు చూపించే చిప్ మొదటి దశాంశం దగ్గరే తప్పు కావచ్చు. డీహెచ్‌టీ11 అయితే ప్లస్ ఆర్ మైనస్ 2 డిగ్రీలు.

చవక థర్మామీటర్లలో సాధారణంగా ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడి పెరిగే కొద్దీ దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. లోపలి చిప్ ఆ రెసిస్టెన్స్‌ని కొలిచి డిగ్రీల్లోకి మారుస్తుంది. బాగా కనిపించే 10 కిలో ఓమ్స్ రకంలో, సున్నా డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీకి రెసిస్టెన్స్ దాదాపు 5 శాతం మారుతుంది. దీన్నే తిరగేసి చూడండి. థర్మిస్టర్‌లోనో, దాని పక్కనున్న రెసిస్టర్‌లోనో 5 శాతం తేడా ఉంటే, డిస్‌ప్లే దాదాపు ఒక డిగ్రీ తప్పు చెప్తుంది. తక్కువ ధర వస్తువులో ఇది అసాధ్యమేం కాదు. ఫ్యాక్టరీలో ఒక్కో పీస్‌ని విడిగా చెక్ చేసి సరిచేస్తే ఆ ధరకి అమ్మడం కష్టం.

కాలిబ్రేషన్ అంటే సరిచేయడం కాదు

ఫోన్‌లో కంపాస్ కాలిబ్రేట్ చేయమంటే ఎనిమిది ఆకారంలో తిప్పుతాం, అది సర్దుకుంటుంది. అందుకే కాలిబ్రేషన్ అంటే సరిచేయడం అని మనకి అలవాటైపోయింది. కొలతల శాస్త్రంలో దాని అర్థం కొంచెం వేరు. నమ్మకమైన ఒక రిఫరెన్స్ పక్కన మన పరికరాన్ని పెట్టి, ఎంత తేడా ఉందో కనిపెట్టి, రాసిపెట్టుకోవడమే కాలిబ్రేషన్. ఆ తర్వాత స్క్రూ తిప్పో, కోడ్ మార్చో తేడాని తీసేయడం అడ్జస్ట్‌మెంట్. ఇది రెండో పని.

ఈ తేడా తెలియడం మనకి మంచిదే. ఎందుకంటే చవక థర్మామీటర్‌లో తిప్పడానికి స్క్రూ ఉండదు, మార్చడానికి సెట్టింగ్ ఉండదు. అయినా కాలిబ్రేట్ చేయొచ్చు. ఇది 1.7 ఎక్కువ చూపిస్తుందని తెలిస్తే చాలు, తీసివేత మనం చేసుకోవచ్చు.

మరి రిఫరెన్స్ ఎక్కడ దొరుకుతుంది? మన దేశంలో ఉష్ణోగ్రత ప్రమాణాలని కాపాడేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. అలాంటి ల్యాబుల్లో నీటి ట్రిపుల్ పాయింట్ సెల్ ఉంటుంది. స్వచ్ఛమైన నీరు ఐస్‌గా, ద్రవంగా, ఆవిరిగా ఒకేసారి ఉండే స్థితి అది, 0.01 డిగ్రీ. 1954 నుంచి 2019 మే 20 వరకు కెల్విన్ నిర్వచనమే ఆ పాయింట్ మీద నిలబడింది. తర్వాత నిర్వచనం బోల్ట్‌జ్‌మాన్ స్థిరాంకానికి మారినా, ల్యాబుల్లో ఆ సెల్ పని ఆగలేదు.

మనకి ఆ సెల్ అక్కర్లేదు. దాని దగ్గరి చుట్టం మన ఫ్రీజర్‌లోనే ఉంది. కరుగుతున్న ఐస్ ఉష్ణోగ్రత 0 డిగ్రీలు, గుంటూరులో అయినా హైదరాబాద్‌లో అయినా. జాగ్రత్తగా చేస్తే వంటింట్లోనే 0.1 డిగ్రీ లోపు నమ్మదగ్గ రిఫరెన్స్ ఇది.

మొదటి ప్రయత్నం, ఫెయిల్

పోల్చి చూడటానికి కోఠి గుజరాతీ గల్లీలో స్టీల్ గొట్టంలో వచ్చే డీఎస్18బీ20 ప్రోబ్‌లు రెండు కొన్నా. మొత్తం మూడు థర్మామీటర్లు. ఒక స్టీల్ గ్లాసులో కుళాయి నీళ్లు పోసి, నాలుగు ఐస్ క్యూబ్స్ వేసి, మూడు ప్రోబ్‌లూ అడుగు దాకా దించా.

ఫ్రిజ్ థర్మామీటర్ 4.6 దగ్గర నిలబడింది. ప్రోబ్‌లు 3 డిగ్రీలకి అటూ ఇటూ చూపించాయి. "అబ్బో, మూడూ తప్పే" అనుకున్నా. తప్పు వాటిది కాదు, నాది.

నీళ్లకి ఒక విచిత్రమైన గుణం ఉంది. దాదాపు 4 డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువుగా ఉంటుంది. ఐస్ పైన తేలుతుంటే, 4 డిగ్రీల నీరు అడుక్కి దిగి అక్కడే కూర్చుంటుంది. నేను కొలిచింది ఆ అడుగు నీటినే. ఐస్ వేసిన నీళ్లు వేరు, నీళ్లు తడిపిన ఐస్ వేరు. మనకి కావాల్సింది రెండోది.

ఐస్ బాత్ ఇలా చేయండి

1. ఆర్‌ఓ నీళ్లతోగానీ, బ్యాటరీలకి వాడే డిస్టిల్డ్ వాటర్‌తోగానీ ఐస్ పెట్టుకోండి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు వద్దు. లీటరుకి 500 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటే కరిగే ఉష్ణోగ్రత తగ్గేది 0.03 డిగ్రీ దాకా మాత్రమే, మన పనికి పెద్ద లెక్కలోది కాదు. కానీ నీళ్లలో ఎంత ఉందో తెలియనప్పుడు ఆ రిస్క్ ఎందుకు?

2. ఐస్‌ని శుభ్రమైన గుడ్డలో చుట్టి చపాతీ కర్రతో దంచండి. బండి మీద ఐస్ గోలాకి తురుముతారే, దాదాపు అంత సన్నగా అవ్వాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ మైనస్ 15, మైనస్ 18 డిగ్రీల్లో ఉంటుంది. పొడిగా, తెల్లగా కనిపిస్తుంటే ఇంకా సున్నాకి రాలేదన్నమాట. తడిసి, కాస్త గాజులా మెరిసేదాకా ఆగండి.

3. కాఫీ ఫ్లాస్క్‌ని ఆ ఐస్‌తో నిండా నింపండి. సందులు నిండేంత వరకే చల్లటి నీళ్లు పోయండి. అడుగున ఐస్ లేని నీళ్ల మడుగు ఉండకూడదు. ఐస్ తేలిందంటే నీళ్లు ఎక్కువైనట్టే, వంచేయండి.

4. ప్రోబ్ కొస ఐస్ మధ్యలో ఉండాలి. అడుగుకీ గోడకీ తగలకూడదు. కనీసం నాలుగైదు అంగుళాలు లోపలికి దించండి, లేకపోతే బయటి వేడి వైరు వెంట లోపలికి వస్తుంది. డిస్‌ప్లే మాత్రం తడవకూడదు.

5. 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. మధ్యమధ్యలో మెల్లగా కలపండి. ఐదు నిమిషాల పాటు అంకె 0.1 కంటే ఎక్కువ కదలకపోతే అప్పుడు నోట్ చేసుకోండి.

6. నీళ్లు వంచేసి, కొత్త ఐస్‌తో ఇంకో రెండు సార్లు, వీలైతే వేరే రోజు చేయండి. ఒక్కసారి వచ్చిన అంకె కొలత కాదు, కాకతాళీయం కావచ్చు.

ఇలా చేశాక నాకు వచ్చినవి ఇవి. మొదటి డీఎస్18బీ20: ప్లస్ 0.1875. రెండోది: మైనస్ 0.3125. ఫ్రిజ్ థర్మామీటర్: 1.7. మర్నాడు చేస్తే 1.6, ఆ తర్వాత మళ్లీ 1.7.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకే షాపులో, ఒకే ప్యాకెట్లోంచి తీసిన రెండు చిప్‌లు ఒకదానితో ఒకటి సరిగ్గా అర డిగ్రీ తేడాగా ఉన్నాయి. అయినా రెండూ డేటాషీట్ చెప్పిన 0.5 లోపలే ఉన్నాయి, అంటే రెండూ పాసే. రెండోది, ఫ్రిజ్ థర్మామీటర్ తప్పు చెప్తోంది గానీ ప్రతిసారీ ఒకే తప్పు చెప్తోంది. అది మంచి వార్త. ఒకసారి 1.7 ఎక్కువ, ఒకసారి 0.5 తక్కువ చూపిస్తే దాన్ని ఏ లెక్కా కాపాడలేదు, చెత్తబుట్టే. నిలకడగా తప్పు చెప్పేదాన్ని వాడుకోవచ్చు.

ఇప్పుడు అమ్మ పంపిన ఫొటోకి వెళ్దాం. కనిష్ఠం 1.2. అందులోంచి 1.7 తీసేస్తే మైనస్ 0.5.

అదీ సంగతి. పైగా ప్రోబ్ వేలాడుతోంది మధ్య అరలో. సీసా ఉన్నది వెనక గోడకి ఆనుకుని, అంటే ఇంకా చల్లగా ఉండే చోట. ఎండాకాలంలో ఎక్కువ కూలింగ్‌కి తిప్పిన నాబ్‌ని వానలొచ్చాక ఎవరూ వెనక్కి తిప్పలేదు. ఇంట్లోవాళ్లు మాత్రం డిస్‌ప్లే చూసి సున్నా పైనే ఉంది కదా అని ధైర్యంగా ఉన్నారు. ఆ ధైర్యం ఇచ్చింది నేను ఆర్డర్ పెట్టిన గ్యాడ్జెట్టే.

రెండో పాయింట్ కావాలా?

ఒక్క పాయింట్‌లో చెక్ చేస్తే తెలిసేది ఆఫ్‌సెట్. అన్ని చోట్లా అదే తేడా ఉంటుందా? ఉండకపోవచ్చు. అది తెలియాలంటే ఇంకో పాయింట్ కావాలి.

అందరికీ తట్టేది మరిగే నీళ్లు. 100 డిగ్రీలు కదా అనుకుంటాం. హైదరాబాద్‌లో కాదు! మన సిటీ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పీడనం దాదాపు 950 హెక్టోపాస్కల్స్. ఆ పీడనంలో నీళ్లు 98.2 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గుంటూరులో అయితే దాదాపు 100. లెక్క సులువుగా గుర్తుండాలంటే, 300 మీటర్లు పైకి వెళ్లిన కొద్దీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది.

మీ ఫోన్‌లో బారోమీటర్ సెన్సర్ ఉంటే ఇక్కడ భలే పనికొస్తుంది. సెన్సర్ చూపించే యాప్ ఏదైనా వేసుకుని అసలు పీడనం చూడండి. వెదర్ యాప్‌లో కనిపించే 1010 లాంటి అంకెని మాత్రం వాడకండి. అది సముద్ర మట్టానికి సర్ది చెప్పే లెక్క, మీ వంటింట్లో ఉన్న పీడనం కాదు. ఆ అంకె నమ్మితే రిఫరెన్సే డిగ్రీన్నర పైన తప్పుతుంది.

నా ప్రోబ్ వైరుకి ప్లాస్టిక్ తొడుగు ఉంది, మరిగే నీళ్లలో పెట్టడం ఇష్టం లేకపోయింది. ఫ్రిజ్‌లో వాడే దాన్ని 98 దగ్గర చెక్ చేయడంలో పెద్ద అర్థం కూడా లేదు. అందుకే జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌ని రిఫరెన్స్‌గా తీసుకున్నా. దాని రేంజ్ చిన్నది, కానీ ఆ రేంజ్‌లో సాధారణంగా 0.1 డిగ్రీ వరకు నమ్మొచ్చు. కొస తడిచినా పాడవని రకం అయ్యుండాలి. ఇంకో జాగ్రత్త, అది ఎప్పుడూ గరిష్ఠాన్నే పట్టుకుని ఉంటుంది. ఫ్లాస్క్‌లో నీళ్లు చల్లారుతున్నా అంకె తగ్గదు. కాబట్టి మిగతావి నిలకడకి వచ్చాక, చివర్లో దాన్ని ముంచి, బీప్ రాగానే అన్నీ ఒకేసారి నోట్ చేసుకోవాలి.

జ్వరం థర్మామీటర్ 38.2 చూపించినప్పుడు ఫ్రిజ్‌ది 39.4 చూపించింది. అంటే ఇక్కడ తేడా 1.2, సున్నా దగ్గర 1.7. రెండు పాయింట్లు ఉంటే సూత్రం ఇలా ఉంటుంది. రీడింగ్‌లోంచి ఐస్ రీడింగ్‌ని తీసేయండి. వచ్చినదాన్ని అసలు తేడాతో గుణించి, మీ పరికరం చూపించిన తేడాతో భాగించండి. నా లెక్కలో 38.2 ని 37.7 తో భాగిస్తే 1.0133.

డిస్‌ప్లే 5.0 ఉందనుకోండి. 1.7 తీసేస్తే 3.3. 1.0133 తో గుణిస్తే 3.34. తేడా 0.04, డిస్‌ప్లేలో కనిపించనంత చిన్నది. అదే 31.3 ఉంటే, 1.7 తీసేస్తే 29.6, గుణిస్తే 30.0. ఇక్కడ తేడా 0.4. అంటే ఫ్రిజ్ పనికి ఐస్ ఒక్కటే చాలు. గది ఉష్ణోగ్రత చూడాలంటే రెండో పాయింట్ కావాలి. మీరు ఏ రేంజ్‌లో వాడతారో ఆ రేంజ్‌కి దగ్గర్లో చెక్ చేయండి, అంతే.

కోడ్ రాసే వాళ్లకి నాలుగు మాటలు

ఊళ్లో ఫ్రిజ్‌ని ఇక్కడినుంచి చూడాలని ఈఎస్‌పీ32 తో ఒక లాగర్ కట్టా. అందులో కాళ్లకి తగిలిన రాళ్లు ఇవి.

సెన్సర్ చెప్పిన ముడి విలువని అలాగే సేవ్ చేయండి, సవరణ చూపించేటప్పుడు చేయండి. సవరించిన విలువ మాత్రమే దాచుకుంటే, రేపు ఆఫ్‌సెట్ తప్పని తేలినప్పుడు పాత డేటా మొత్తం వృథా.

డీఎస్18బీ20 నుంచి సరిగ్గా 85.0 వస్తే కంగారు పడకండి. పవర్ వచ్చాక మొదటి కొలత పూర్తయ్యేదాకా దాని మెమరీలో ఉండే అంకె అది. 12 బిట్ కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, ఆగి అడగండి. మైనస్ 127 వస్తే వైరు ఊడిందని ఆర్డ్యూనో లైబ్రరీ చెప్తున్నట్టు. ఈ రెండిటినీ సగటులో కలిపితే ఫ్రిజ్ కాలిపోతోందని అర్ధరాత్రి అలర్ట్ వస్తుంది. నాకు వచ్చింది.

సెన్సర్‌ని బోర్డుకి అంటించి పెట్టకండి. వై-ఫై చిప్ వేడికి రీడింగ్ కొన్ని డిగ్రీలు పైకి పోతుంది. దాన్ని ఆఫ్‌సెట్‌తో సరిచేయలేరు, ఎందుకంటే ఆ వేడి ఎప్పుడూ ఒకేలా ఉండదు. నకిలీ డీఎస్18బీ20 లు కూడా మార్కెట్లో చాలానే తిరుగుతున్నాయి. ఐస్ టెస్ట్‌లో ప్లస్ ఆర్ మైనస్ 0.5 దాటితే అనుమానించండి.

ఇంకా మెరుగ్గా కావాలంటే పీటీ100 ఉంది. ప్లాటినం సెన్సర్, సున్నా దగ్గర 100 ఓమ్స్, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓమ్స్. క్లాస్ ఏ రకం సున్నా దగ్గర 0.15 లోపు ఉంటుంది. కానీ డిగ్రీకి మారేది 0.385 ఓమ్ మాత్రమే కాబట్టి, వైరు రెసిస్టెన్స్ 0.4 ఓమ్ ఉన్నా ఒక డిగ్రీ తప్పు వచ్చేస్తుంది. అందుకే దాన్ని మూడు లేదా నాలుగు వైర్లతో కలుపుతారు. ఖరీదైన సెన్సర్‌ని రెండు వైర్లతో కలిపితే పెట్టిన డబ్బంతా ఆ వైర్లలోనే పోయినట్టు.

ఫోన్ హీటింగ్ టెస్టులకి కూడా ఇదే రూల్

మన రివ్యూల్లో అరగంట గేమ్ ఆడితే ఫోన్ 43.2 డిగ్రీలకి వెళ్లిందని చదువుతుంటాం కదా. ఆ అంకె ఎక్కడిదో అడగండి. ఆండ్రాయిడ్ యాప్ చూపించే బ్యాటరీ ఉష్ణోగ్రత సిస్టమ్ నుంచి డిగ్రీలో పదో వంతుల్లో వస్తుంది, 385 అంటే 38.5. రిజల్యూషన్ బాగానే ఉంది. కానీ అది బ్యాటరీ దగ్గరి సెన్సర్ చెప్పేది, మీ వేళ్లకి తగిలే వేడి కాదు.

ఇన్‌ఫ్రారెడ్ గన్ అయితే చాలా మోడల్స్‌లో స్పెక్ షీట్ ప్రకారమే ప్లస్ ఆర్ మైనస్ 2 డిగ్రీలు. అలాంటి గన్‌తో ఒక ఫోన్ 41.5, ఇంకోటి 42.3 వస్తే రెండోది ఎక్కువ వేడెక్కుతోందని తేల్చేయలేం. పైగా మెరిసే మెటల్ ఫ్రేమ్ తన వేడిని తక్కువగా వెదజల్లి, చుట్టుపక్కల వేడిని ప్రతిఫలిస్తుంది. గన్‌కి అది అసలు కంటే చల్లగా కనిపిస్తుంది. మెరుపు లేని టేప్ ముక్క ఒకటి అంటించి, దాని మీద కొలిస్తే నయం. గన్‌ని కూడా ఐస్ బాత్‌తో చెక్ చేయొచ్చు. వెడల్పు గిన్నెలో తడి ఐస్ నింపి, పైనుంచి దగ్గరగా, ఐస్ తప్ప ఇంకేమీ కనపడనంతగా గురిపెట్టండి.

ఎక్కడ ఆగాలి?

ఇంటి టెస్ట్‌కి ఒక హద్దు ఉంది. ఐస్ బాత్‌లో 0.1, రీడింగ్ ఊగిసలాటలో 0.1, ఇంకా నాకు కనపడనివి కొన్ని, అన్నీ కలిపి నా థర్మామీటర్‌ని ప్లస్ ఆర్ మైనస్ 0.3 వరకు నమ్ముతున్నా. అందుకే అలారం 2 దగ్గర కాకుండా 2.5 దగ్గర పెట్టా. ఎంతవరకు నమ్మొచ్చో తెలియడం కూడా కాలిబ్రేషన్‌లో భాగమే.

మందుల షాపు, క్లినిక్, టీకాల ఫ్రిజ్ లాంటి చోట్ల ఇది సరిపోదు. అక్కడ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేషన్ చేయించాలి. ఆ సర్టిఫికెట్ మీద పాస్ అనే ముద్ర కోసం వెతక్కండి. ఏ పాయింట్ దగ్గర ఎంత తేడా, ఆ తేడాలో ఎంత అనిశ్చితి అనేవి చదవండి. అసలు విషయం అక్కడుంటుంది.

ఇంట్లో దాన్ని కూడా ఆరు నెలలకోసారి, కింద పడినా, ప్రోబ్ మార్చినా, మళ్లీ ఐస్‌లో పెట్టి చూసుకోవాలి. ఒకటి మాత్రం మర్చిపోకండి. ఇన్సులిన్ గడ్డకట్టిందని అనుమానం ఉంటే కరిగాక బాగానే కనిపించినా వాడకండి, డాక్టర్‌ని గానీ మందుల షాపులో గానీ అడగండి. థర్మామీటర్ దానికి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

చివరికి ఏం చేశామంటే

మళ్లీ ఊరెళ్లినప్పుడు ఫ్రిజ్ నాబ్‌ని 5 నుంచి 3 కి తిప్పా. సీసాలని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వెనక గోడకి దూరంగా మధ్య అరలోకి మార్చాం. తలుపు అరలో పెట్టలేదు, తీసి వేసినప్పుడల్లా వేడి గాలి తగిలేది అక్కడే. ప్రోబ్‌ని గాలిలో వేలాడదీయకుండా నీళ్లు నింపిన చిన్న సీసాలో ముంచి, దాన్ని అదే డబ్బాలో పెట్టా. గాలి ఉష్ణోగ్రత కంప్రెసర్‌తో పాటు ఎగిరిపడుతుంటుంది, సీసాలో మందు అలా ఎగరదు. టీకాల ఫ్రిజ్‌లలో ప్రోబ్‌ని గ్లైకాల్ సీసాలో ముంచేది ఇందుకే.

ఒక రోజంతా లాగ్ చేస్తే, సవరణ తర్వాత 3.6 నుంచి 6.2 మధ్య తిరిగింది. హమ్మయ్య.

డిస్‌ప్లే కింద ఒక స్టిక్కర్ అంటించా. పెద్ద అక్షరాలతో: "ఇందులోంచి 1.7 తీసేయాలి. 4.2 కంటే తగ్గితే చిన్నాకి ఫోన్ చేయాలి." అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "నాతో తీసివేతలు చేయించే బదులు సరిగ్గా చూపించేది ఇంకోటి కొనొచ్చుగా చిన్నా" అంది.

కొనొచ్చు. కానీ కొత్తదాన్ని కూడా ముందు ఐస్‌లోనే పెట్టాలి అన్నా.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి అంకె చెప్తోంది. నిన్న డిస్‌ప్లేలో 6.1 అట. తీసివేత తనే చేసేసి, "నాలుగూ పాయింటు నాలుగురా, ఆఫీసుకి పో" అని పెట్టేసింది.